వాల్తేరు, భీమిలి, పాత ఊరు: ఒక్క పగటికి నేను వేసిన ప్లాన్

వరంగల్ నుంచి మా అన్నయ్య వాళ్లు వస్తున్నారు. పొద్దున రైలు దిగుతారు, మళ్లీ రాత్రి రైలెక్కుతారు. మధ్యలో చేతికందేది ఒక్క పగలు. విశాఖపట్నంలో కాపురం ఉంటున్నదాన్ని కాబట్టి ఎక్కడికి ఎప్పుడు వెళ్లాలో తేల్చే పని నా మీద పడింది.

నిజానికి ఈ ప్రయాణం మా మేనకోడలి కోసం. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటీరాలజీ (వాతావరణ శాస్త్రం), ఓషనోగ్రఫీ (సముద్ర శాస్త్రం) విభాగం ఉందని తెలిసిన దగ్గర్నుంచి పీజీ అక్కడే చేస్తానంటోంది. సముద్రానికి అంత దూరాన పుట్టి పెరిగిన పిల్ల సముద్ర శాస్త్రం చదువుతానంటే నాకు భలే సంతోషమేసింది. అప్లికేషన్ పెట్టే ముందు ఒకసారి ఊరూ, క్యాంపస్సూ చూసుకోవాలని దాని కోరిక. దాంతో పాటు మిగతావాళ్ల కోరికలు కూడా బయల్దేరాయి.

అన్నయ్య హైస్కూల్లో సోషల్ టీచర్. "అరకు, బొర్రా గుహలు కూడా కలిపెయ్యవే, ఎలాగూ వస్తున్నాం కదా" అన్నాడు ఫోన్లో. వదినకి సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చూడాలని ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. అయినా సింహాద్రి అప్పన్న దర్శనం కాకుండా వెనక్కి వెళ్లేది లేదంది.

కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. అరకు ముందే కొట్టేశాను. ఘాట్ రోడ్డు మీదుగా వంద కిలోమీటర్లకి పైగా వెళ్లాలి, అంత దూరం వెనక్కి రావాలి. దానికే ఒక రోజు చాలదు. "అరకు ఇంకోసారి అన్నయ్యా, ఈసారి ఊరు చూద్దాం" అని గట్టిగా చెప్పాను. అప్పన్న సంగతి కూడా తేలిగ్గానే తేలింది. అమ్మ వాళ్లతో తిరిగి వెళ్లకుండా మా ఇంట్లో కొన్నాళ్లు ఉండేలా ఒప్పించాను. అప్పుడిక కొండకి హడావుడిగా పరిగెత్తక్కర్లేదు, తీరిగ్గా దర్శనం చేసుకోవచ్చు.

మిగిలినవన్నీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. చూపించాలనుకున్నవాటికి వరసగా గుర్తులు పెడుతుంటే నాకు ఇది తట్టింది. ఉత్తరాన భీమిలి. అక్కడి నుంచి సముద్రం పక్కనే ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, రుషికొండ, విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు, ఆర్కే బీచ్, చివర పాత ఊరు. రైల్వేస్టేషన్ పాత ఊరికి దగ్గర్లోనే. అంటే పొద్దున్నే దూరంగా ఉన్న భీమిలి వెళ్లిపోయి, అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ కిందికి దిగితే సాయంత్రానికి స్టేషన్ దగ్గర తేలతాం. వెళ్లిన రోడ్డు మీదే మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదు, రైలు టైమవుతోందని టెన్షన్ ఉండదు. మా ఇల్లు పెద్దవాల్తేరులో, ఈ దారికి సరిగ్గా నడుమ. మధ్యాహ్నం భోజనానికీ, అమ్మ కాసేపు నడుం వాల్చడానికీ కలిసొచ్చింది.

ఇక ఏ రోజు అన్న ప్రశ్న. ఆదివారం వద్దన్నాను. ఆ రోజు బీచ్ రోడ్డు నిండా జనం, క్యాంపస్ మాత్రం ఖాళీ. విశ్వవిద్యాలయం చూడడమంటే భవనాలు చూడడం కాదు కదా, పిల్లలు క్లాసులకి వెళ్తూ వస్తూ ఉండాలి. సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు. జనవరి నెల కాబట్టి ఎండ బాధ లేదు. సంక్రాంతి రద్దీ తగ్గాక వచ్చే గురువారం ఖాయం చేశాం. ముందుగానే నేను విభాగం ఆఫీసుకి వెళ్లి, ఇలా మా అమ్మాయి చూడడానికి వస్తుంది, ఎప్పుడు వస్తే మాట్లాడడానికి వీలవుతుందని అడిగాను. భోజనాల తర్వాత రమ్మన్నారు. సముద్రం ఎప్పుడు వెళ్లినా ఉంటుంది. ఆఫీసు, మ్యూజియం, రైలు మన కోసం ఆగవు. అందుకని ముందు వాటి టైములు రాసుకుని, మిగతా ఖాళీల్లోకి బీచిని సర్దాను.

కారు విషయంలో మాత్రం చివరి నిమిషంలో కంగారు పడ్డాం. మాట్లాడుకున్న ట్రావెల్స్ ఆయన ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, బండికి వేరే బేరం వచ్చిందని చేయిచ్చాడు. మా పక్కింటివాళ్లకి తెలిసిన డ్రైవరు ఎర్టిగాతో వస్తానన్నాక గానీ నాకు నిద్ర పట్టలేదు. ఆయనది భీమిలి పక్క ఊరే. పెద్దాయన. అలా కుదరడం ఎంత మేలైందో మర్నాడు తెలిసింది.

రైలు ఆలస్యంగా వచ్చింది. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే రోడ్డు మీదికి వాహనాలు రానివ్వరు, నడిచేవాళ్లకి వదిలేస్తారు. కారు పక్క సందులో పెట్టించి నడుచుకుంటూ వెళ్లేసరికి సూర్యుడు నీళ్ల మీద బారెడు పైకొచ్చేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. వదిన మాత్రం చెప్పులు నా చేతిలో పెట్టి, "పొద్దు పొడిస్తే పొడిసింది తియ్, నన్ను కొంచెంసేపు నీళ్లల్ల నిలవడనియ్యి" అంటూ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వెళ్లింది. మొదటి అల వెనక్కి పోతూ పాదాల కింద ఇసుకని లాక్కుపోయేసరికి కెవ్వుమని అరిచి నా భుజం పట్టుకుంది. ఆ నవ్వు చూశాక ఇంక సూర్యోదయం గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోండి చాలు, స్నానాలకి దిగొద్దు. ఒడ్డు ఉన్నట్టుండి లోతుకి పోతుంది, అల వెనక్కి లాగుతుంది. ఇక్కడ ఎందరో పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బోర్డులు ఊరికే పెట్టలేదు.

ఇంట్లో స్నానాలు, పెసరట్టు ఉప్మా అయ్యాక భీమిలి బయల్దేరాం. సుమారు 25 కిలోమీటర్లు, దారంతా కుడిపక్క సముద్రమే. కారు వద్దనుకునేవాళ్లకి సిటీ బస్సు ఉంది. 900కె ఎక్కితే భీమిలిలో దింపుతుంది. బస్సులోనైతే కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి.

భీమిలికి 1861లోనే మున్సిపాలిటీ వచ్చింది. దేశంలో అంత పాత మున్సిపాలిటీలు చాలా తక్కువ. అంతకు రెండు వందల ఏళ్ల ముందు, 17వ శతాబ్దంలో, డచ్చివాళ్లు ఇక్కడ దిగి బట్టల వ్యాపారం చేశారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. ఇవన్నీ అన్నయ్య తెలుసుకునే వచ్చాడు. డచ్చివాళ్ల శ్మశానంలోకి వెళ్లాక మాత్రం మాట పెగల్లేదు. కొన్ని సమాధులు సూదిగా పైకి లేచి ఉన్నాయి, గచ్చు పెచ్చులూడి లోపలి ఇటుక కనబడుతోంది. ఒక నల్లరాతి పలక దగ్గర అన్నయ్య మోకాళ్ల మీద కూర్చుని, అరిగిపోయిన అక్షరాల గాళ్లలో వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతూ అంకెలు చదవడానికి ప్రయత్నించాడు. మొదటి రెండూ, పదహారు, తెలిశాయి. తర్వాతవి అరిగిపోయాయి. "వీళ్ల గురించి మా పిల్లలకి ఏటా రెండు లైన్లు చెప్తాను. వచ్చే ఏడు ఒక పీరియడ్ చెప్తా" అన్నాడు. ఫొటోలు తీసుకున్నాడు.

సముద్రపు ఒడ్డున 1868 నాటి దీపస్తంభం ఉంది. దాన్ని బయటి నుంచే చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లాం. బొర్రా గుహల గుండా ప్రవహించే నది ఇదే. "గుహలకి తీసుకెళ్లలేకపోయాను గానీ, ఆ గుహల్ని తొలిచిన నీళ్లు ఇవే అన్నయ్యా" అంటే సరేలే అని నవ్వాడు. మేనకోడలు మాత్రం రెండు నీళ్ల రంగులు ఎక్కడ కలుస్తున్నాయో చూస్తూ అక్కడే నిలబడిపోయింది. నది నీరు, సముద్రపు నీరు ఒకదాని కిందికి ఒకటి ఎలా వెళ్తాయో వాళ్ల నాయనమ్మకి ఇసుకలో గీసి మరీ చెప్పింది. అమ్మకి ఎంత అర్థమైందో తెలీదు గానీ, చివరిదాకా వింది.

"ఏటమ్మా అలా పరిగెడతారు, ఎర్రమట్టి దిబ్బలు చూసుకు పోరా? దారిలోదే కదేటి" అన్నాడు డ్రైవరు. నా కాగితంలో దిబ్బలకి పక్కన ప్రశ్నార్థకం ఉంది. ఇసుకలో నడక అమ్మకి కష్టం. ఆయన అడిగేసరికి ధైర్యం వచ్చింది. అమ్మా వదినా కొబ్బరిబోండాల దగ్గర ఆగారు, మేం ముగ్గురం లోపలికి వెళ్లాం.

విశాఖలో ఉంటున్నవాళ్లు కూడా చాలామంది ఈ దిబ్బల్ని సినిమా షూటింగుల చోటుగానే చూస్తారు. అది నాకు బాధ. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తీరంలో దొరికే చోట్లు దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంకల్లో తప్ప పెద్దగా లేవు. చివరి హిమయుగంలో సముద్ర మట్టం పడిపోయి, ఒడ్డు ఇప్పటికన్నా చాలా దూరం జరిగిపోయినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఇటు తెచ్చి పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఇలా ఎర్రబడింది. వాన నీరు కోసిన చోట లోయలు పడ్డాయి. మేనకోడలు ఒక గోడ పక్కన నిలబడి పొరలు చూపించింది, పైన ముదురు ఎరుపు, కిందికి వెళ్లేకొద్దీ పసుపు. గోడని ముట్టుకోబోయిన అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. చేత్తో రాలిస్తే రాలిపోయే మట్టి అది. వెళ్లేవాళ్లు దయచేసి పేర్లు చెక్కకండి, గోడలు ఎక్కకండి.

తొట్లకొండ మీదికి కారు వెళ్తుంది కాబట్టి అమ్మ కూడా చూసింది. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. 1970లలో నౌకాదళం వాళ్లు స్థావరం కోసం పై నుంచి సర్వే చేస్తుంటే బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. వాననీరు నిలవ చేసుకోవడానికి కొండరాతిలో తొలిచిన తొట్లు, భిక్షువుల గదుల పునాదులు, స్తూపం ఉన్నాయి. ఇక్కడి తవ్వకాల్లో రోమన్ నాణేలు కూడా దొరికాయి. అంటే ఈ ఒడ్డుకి ఓడలు రావడం డచ్చివాళ్లతో మొదలవలేదు. నీడ తక్కువ, టోపీ, నీళ్లసీసా తప్పనిసరి. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. రుషికొండ, తెన్నేటి పార్కు కారులోంచే చూశాం. కైలాసగిరి నా కాగితంలోనే లేదు, బాగోదని కాదు, కొండ మీది నుంచి సముద్రం కనిపించే చోటు అప్పటికే చూసేశాం కాబట్టి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మని పడుకోబెట్టి క్యాంపస్‌కి వెళ్లాం. ఇది నా విశ్వవిద్యాలయం. ఇక్కడే ఎమ్మే చదివాను. అయినా పక్కన ఒక పిల్ల కళ్లు విప్పార్చుకుని చూస్తుంటే కొత్తగా అనిపించింది. చెట్ల నీడలో రోడ్లు, సైన్స్ కాలేజీ రాతి కట్టడాలు, పాత మెట్ల మీద కూర్చుని నోట్సులు మార్చుకుంటున్న పిల్లలు. ఆ సైన్స్ కాలేజీ వెనక జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విరాళం ఉంది.

1926లో బెజవాడలో మొదలైన విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకి వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. స్వాతంత్ర్యోద్యమం మీద ప్రభుత్వం చేసిన దమనకాండకి నిరసనగా ఆ పదవికి రాజీనామా చేశారు. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ కుర్చీలో కూర్చున్నారు. 1933లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి ఉపన్యాసాలిచ్చింది ఇక్కడే. రాధాకృష్ణన్ తర్వాత మళ్లీ కట్టమంచివారే వచ్చారు. ఈ వరస అన్నయ్య చెప్తుంటే మేనకోడలు, "అత్తా, నాన్న క్లాస్ మొదలుపెట్టేశాడు" అని నా చెవిలో ఊదింది గానీ, వింటూనే ఉంది.

విభాగంలో ఒక రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి మాకు చాలాసేపు టైమిచ్చింది. బల్ల మీద బంగాళాఖాతం చార్టు పరిచింది. కాగితం మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. తీరం పక్కన లోతు గీతలు కొంతదూరం సమంగా సాగి, ఒక్కసారిగా దగ్గర దగ్గరగా ముడుచుకుని లోపలికి వంగిపోయిన చోట వేలు పెట్టింది. విశాఖ ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలవి. 1950లలో అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడి ఆచార్యులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని పరిశోధించారు. అలా గుర్తించిన లోయలకి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఒకటి విశ్వవిద్యాలయం పేరు, ఒకటి జియాలజీ ప్రొఫెసర్ మహాదేవన్ గారి పేరు, ఇంకొకటి అప్పటి వైస్ ఛాన్సలర్ వి.ఎస్. కృష్ణ గారి పేరు. లైబ్రరీకి కూడా ఆయన పేరే. నేను ఇక్కడ చదివిన రోజుల్లో ఆ లైబ్రరీలో గంటల తరబడి కూర్చున్నదాన్ని, కిటికీ బయట కనిపించే సముద్రం అడుగున అదే పేరుతో ఒక లోయ ఉందని నాకు తెలీదు. మేనకోడలు ఆ గీతల వంక చూస్తూ, "ఇవి ఇప్పుడు కొలిస్తే అట్లనే ఉంటయా, మారినయా?" అని అడిగింది. ఆ స్కాలర్ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "అదే ప్రశ్నతో రా" అంది.

ప్రవేశాలు పీజీసెట్ ద్వారానే, సిలబస్ ముందే చూసుకోవాలి, వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు సీట్ల నియమాలు కౌన్సెలింగ్‌కి ముందే చదువుకోవాలి. ఆమె చెప్పినవన్నీ మేనకోడలు ఫోన్లో రాసుకుంది. బయటికొచ్చాక హాస్టళ్ల వైపు ఒక చుట్టు తిప్పాను. సాయంత్రం గాలి ఎటు నుంచి వస్తుందో చూపించాను. అన్నయ్య మెస్ గురించి అడిగాడు, వదిన నీళ్ల గురించి అడిగింది.

అమ్మని ఎక్కించుకుని బీచ్ రోడ్డుకి దిగాం. విశాఖ మ్యూజియం పాత డచ్చి బంగళాలో ఉంది. ప్రపంచ యుద్ధంలో జపాన్‌వాళ్లు ఇక్కడ వేసిన బాంబు ఒకటి అందులో పెట్టారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాయి. ఆ భయంతో ఊరు ఖాళీ అయింది, విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకి తరలించారు. మధ్యాహ్నం చూసిన రాతి గోడల మధ్య కొన్నేళ్లు చదువుల్లేవన్న మాట. క్యాంపస్ చూసిన తర్వాతే ఈ మ్యూజియం చూడాలని నేను పట్టుబట్టింది ఇందుకే.

అక్కడికి దగ్గర్లోనే కుర్సురా సబ్‌మెరైన్. 1969లో నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో విరమించింది, మరుసటి ఏడు ఒడ్డుకి తెచ్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇరుకు ద్వారంలోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెళ్లకపోవడమే మంచిది. నేనూ అమ్మా బయట మురీ మిక్స్చర్ తింటూ కూర్చున్నాం. వదిన బయటికొచ్చి, "గంత ఇరుకుల నెలల తరబడి ఎట్లున్నరో, వాళ్ల అమ్మలకు దండం పెట్టాలె" అంది.

వెలుతురు ఉండగానే పాత ఊరు చేరాలని తొందరపెట్టాను. దారిలో సెయింట్ అలోషియస్ స్కూలు చూపించాను, సి.వి. రామన్ చిన్నప్పుడు చదివిన బడి. అక్కడ మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకోదాని మీద దర్గా. చర్చి ఉన్న రాస్ హిల్ ఎక్కితే కింద హార్బరు, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో ఈ రేవు తెరిచారు. అంతకుముందు పెద్ద ఓడలు దూరంగా లంగరేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకి చేరేది. మేం చూస్తుండగా ఒక ఓడ టగ్గుల (ఓడల్ని లాగే చిన్న పడవల) వెంట నెమ్మదిగా లోపలికి వచ్చింది. అన్నయ్య వీడియో తీసుకున్నాడు. అక్కణ్ణుంచి స్టేషన్ దగ్గరే, దారిలో మాడుగుల హల్వా కొనడానికి కూడా టైము దొరికింది.

ఈ ప్లాన్ చలికాలానికి వేసింది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవాళ్లు దీన్ని ఇలాగే పాటిస్తే ఎండకి అల్లాడిపోతారు. అప్పుడు దిబ్బలూ తొట్లకొండా వదిలేయండి, లేదా మరో రోజు సాయంత్రానికి పెట్టుకోండి. పొద్దున్నే భీమిలి వెళ్లి తొమ్మిదిన్నరకల్లా వెనక్కి వచ్చేసి, క్యాంపస్ పని ఉదయమే ముగించుకోండి. వేసవిలో క్లాసులు ఉండకపోవచ్చు కాబట్టి విభాగంలో ముందే అడిగి రావాలి. డిసెంబరు 4 నేవీ డే. విశాఖలో నౌకాదళ విన్యాసాలు పెట్టిన ఏడు వాటి వల్ల, వాటి రిహార్సల్స్ వల్ల బీచ్ రోడ్డు ఆపేస్తారు. విన్యాసాల కోసమే వస్తే సరే, ఊరు చూడాలంటే మాత్రం ఆ వారం తప్పించండి.

మేనకోడలు పీజీసెట్‌కి చదువుతోంది. అమ్మకి మర్నాడే అప్పన్న దర్శనం చేయించాను.